తీగ కలిసినంత మాత్రాన గ్రిడ్లు కలవవు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు పవర్ సిస్టమ్స్‌లో ఎం.టెక్ చేస్తున్నారు. సౌర, పవన విద్యుత్తును ఇముడ్చుకోవడానికి దేశదేశాల గ్రిడ్ నిర్వహణ సంస్థలు కలిసి పనిచేస్తున్నాయని ఎక్కడ చూసినా రాస్తున్నారనీ, సంతకాలు, సదస్సులు తప్ప అసలు పని మీకు కనిపించడం లేదనీ అన్నారు. సరిహద్దు దాటించి ఒక పెద్ద లైను వేస్తే తీరే పనికి ఇంత హడావిడి ఎందుకని కూడా అడిగారు.

ముప్పై ఏళ్లకు పైగా లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో, అంటే గ్రిడ్‌ను నడిపించే కంట్రోల్ రూముల్లో, షిఫ్టులు చేసినవాడిని. రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, మొదటిదానికి జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. లైను వేయడం కష్టమే, ఖర్చుతో కూడిన పనే. కానీ లైను వేసిన రోజునే అసలు పని మొదలవుతుంది. అటువైపు డెస్కులో కూర్చున్న మనిషి ఏ అంకె చూసి ఏ మీట నొక్కుతాడో ఇటువైపు మనిషికి తెలియకపోతే, ఆ లైను వల్ల ఎంత మేలో అంత ముప్పు. యూరప్ ఈ సంగతిని ఒక రాత్రి చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

2006 నవంబరు 4, శనివారం. జర్మనీ వాయవ్య మూలన పాపెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో భారీ ఓడలు కట్టే యార్డు ఉంది. అది సముద్రపు ఒడ్డున కాకుండా ఎమ్స్ నది మీద బాగా లోపలికి ఉంటుంది. కట్టిన ప్రతి ఓడా నది వెంబడి సముద్రానికి చేరాలి. ఆ నదిని దాటుతూ 380 కేవీ డబుల్ సర్క్యూట్ లైను ఒకటి కొనెఫోర్డె నుంచి డీలెకు వెళ్తుంది. ఎత్తైన ఓడ కిందుగా వెళ్లేటప్పుడు ఆ లైనును ఆపడం అక్కడ అలవాటైన పనే. ఈసారి వెళ్లాల్సింది నార్వీజియన్ పెర్ల్ అనే విహార నౌక. ముందు అనుకున్న సమయం 5వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంట. ఆ సమయానికి లెక్కలు వేశారు, పక్క సంస్థలకు కబురు చేశారు. ఆ తరువాత యార్డువాళ్లు మూడు గంటలు ముందుగానే ఓడను పంపుతామన్నారు. ఆ ప్రాంత గ్రిడ్ సంస్థ ఇ.ఆన్ నెట్జ్ సరేనంది. మారిన సమయం పక్కవాళ్లకు తెలిసింది మాత్రం అదే రోజు సాయంత్రం ఏడు గంటల వేళకు.

రాత్రి 9.38కి లైను ఆపారు. దానిలో పారే కరెంటు దక్షిణాన ఉన్న లైన్ల మీద పడింది. వాటిలో లాండెస్‌బెర్గెన్–వేరెన్‌డోర్ఫ్ లైను ఒక చివర ఇ.ఆన్ చేతిలో, రెండో చివర పొరుగు సంస్థ ఆర్‌డబ్ల్యూఈ చేతిలో ఉంది. ఒకే లైనుకు రెండు చివర్లా రిలే పరిమితులు, అంటే ఎంత భారం దాటితే లైను దానంతట అదే తెగాలన్న హద్దులు, వేరువేరుగా పెట్టి ఉన్నాయి. పక్కవాడి వైపు పరిమితి తక్కువని ఇ.ఆన్ డెస్కులో ఉన్నవాళ్లకు తెలియదు. లోడు పెరిగిపోతోందని అటునుంచి ఫోను వచ్చింది. భారం తగ్గించడానికి ఒక సబ్‌స్టేషన్‌లో రెండు బస్‌బార్లను, అంటే లైన్లన్నీ వచ్చి చేరే లావాటి వాహకాలను, కలిపారు. లెక్క వేసి చూసే తీరిక లేదు, అనుభవంతో అంచనా కట్టారు. 80 ఆంపియర్లు తగ్గుతుందనుకున్నది 67 ఆంపియర్లు పెరిగింది. రెండు సెకన్లలో లైను ట్రిప్ అయింది. తరువాత పావు నిమిషం కూడా పట్టలేదు, పోర్చుగల్ నుంచి పోలండ్ దాకా ఒకటిగా తిరుగుతున్న గ్రిడ్ మూడు ముక్కలైంది. పడమటి ముక్కలో కరెంటు చాలక, మామూలుగా 50 ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 49 హెర్ట్జ్ దాకా జారింది. దాదాపు 17,000 మెగావాట్ల లోడు దానంతట అదే తెగిపోయింది. కోటిన్నర ఇళ్లలో దీపాలు ఆరాయి.

గాలిమరల సంగతి ఇక్కడే వస్తుంది, మీ ప్రశ్నకు ఇదే ముఖ్యం. పడమట కరెంటు చాలక లోడు కోస్తుంటే, ఈశాన్య ముక్కలో 10,000 మెగావాట్లకు పైగా మిగులు. ఫ్రీక్వెన్సీ 51.4 దాకా ఎగబాకింది. ఆ ఎత్తు చూసి వేల మెగావాట్ల గాలిమరలు వాటంతట అవే విడిపోయాయి, ఆ క్షణానికి అది మంచిదే అయింది. కానీ ఫ్రీక్వెన్సీ కాస్త దిగగానే, ఎవరూ చెప్పకుండానే, అవే తిరిగి గ్రిడ్‌లోకి వచ్చి చేరాయి. దాంతో ఫ్రీక్వెన్సీ మళ్లీ పైకి. డెస్కులో ఉన్నవాళ్లకు ఎన్ని మరలు వచ్చాయో కనిపించదు, ఆపుదామంటే మీట వాళ్ల చేతిలో లేదు. బొగ్గు ప్లాంట్లకు ఫోన్లు చేసి ఉత్పత్తి తగ్గించమనాల్సి వచ్చింది. ముక్కలైన ఆ గ్రిడ్‌ను 38 నిమిషాల్లో తిరిగి కలిపారు, అది వాళ్ల నేర్పు. కానీ అక్కడ లైనుకు కొరత ఉందా చెప్పండి. లైన్లు కావలసినన్ని ఉన్నాయి. కొరతగా ఉన్నవి మూడు అంకెలు, ఒక ఫోను.

ఆ తరువాత వాళ్లు చేసినవన్నీ ఈ కొరత తీర్చే పనులే. 2008లో బ్రస్సెల్స్‌లో కొరెసో, మ్యూనిక్‌లో టీఎస్‌సీ పేరుతో ఉమ్మడి భద్రతా కేంద్రాలు పుట్టాయి. 2009లో యూరప్ గ్రిడ్ సంస్థలన్నీ ఎంట్సో-ఇ అనే సంఘం కిందికి వచ్చాయి. రోజూ ప్రతి సంస్థా రేపటి తన గ్రిడ్ ఎలా ఉండబోతోందో గంటగంటకూ ఒక నమూనా తయారుచేసి పంపుతుంది. ఏ లైను మరమ్మతులో ఉంటుంది, ఏ ప్లాంటు నడుస్తుంది, గాలి ఎంత, ఎండ ఎంత అన్నీ అందులో ఉంటాయి. అందరి నమూనాలనూ ఒకటిగా కుట్టి, ఏ లైను పోతే ఎక్కడ ఇబ్బందో ముందే లెక్క కడతారు. కంట్రోల్ రూముల్లో ఒక ఉమ్మడి తెర కూడా ఉంటుంది. పొరుగు దేశపు గ్రిడ్ మామూలుగా ఉందా, ఒత్తిడిలో ఉందా, ఆపదలో ఉందా అన్నది రంగుల్లో కనిపిస్తుంది. పక్కింటి పొయ్యిలోంచి పొగ వస్తోందో మంట వస్తోందో గోడ మీద నుంచి చూసే వీలు వచ్చిందన్నమాట.

రెండో పాఠం ఇన్వర్టర్ది, అంటే సౌర ఫలకాల డీసీ కరెంటును గ్రిడ్‌కు సరిపడే ఏసీగా మార్చే పెట్టెది. దాని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, ఒక చిన్న అంకె ఖండమంతటినీ ఎలా ఆడించగలదో అంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు. జర్మనీలో ఇళ్ల కప్పుల మీద సౌర ఫలకాలు పెట్టడం మొదలైనప్పుడు, ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటితే ఇన్వర్టర్ వెంటనే విడిపోవాలని నియమం పెట్టారు. అప్పుడు సౌర విద్యుత్తు పిసరంత. ఆ నియమం ఎవరికీ బరువు కాలేదు. 2011 చివరికి అక్కడ సౌర సామర్థ్యం దాదాపు 25,000 మెగావాట్లు అయింది. ఎండ కాసిన మధ్యాహ్నం ఫ్రీక్వెన్సీ 50.2 తాకితే వాటిలో చాలా భాగం ఒకే క్షణంలో మాయమవుతుంది. యూరప్ ప్రధాన గ్రిడ్ అంతా కలిసి అలాంటి హఠాత్ లోటు కోసం సిద్ధంగా ఉంచే ప్రాథమిక రిజర్వు 3,000 మెగావాట్లు. మిగిలింది మీరే ఊహించుకోండి.

2012లో జర్మనీ దీనికోసం ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చింది. మూడు లక్షలకు పైగా ప్లాంట్ల ఇన్వర్టర్లను ఒక్కొక్కటిగా సవరించాలని నిర్ణయించారు. అన్నీ 50.2 దగ్గర ఒక్కసారిగా పోకుండా, ఒక్కొక్కటి ఒక్కో స్థాయిలో విడిపోయేలా, కొత్తవైతే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మెల్లగా తగ్గేలా మార్చారు. బవేరియాలో ఒక రైతు కొట్టం మీది ఇన్వర్టర్‌లో ఉన్న అంకె లిస్బన్‌లో ఆసుపత్రి కరెంటుకు సంబంధించిన విషయమని అందరూ ఒప్పుకున్న సందర్భం అది. గ్రిడ్‌కు కలిపే ప్రతి యంత్రం ఎలా నడుచుకోవాలో యూరప్ అంతటికీ ఒకే నియమావళి రావడం వెనుక ఈ అనుభవం ఉంది.

ఇక ఖర్చు తగ్గించే సహకారం గురించి. గాలి, ఎండ పెరిగితే అంచనాలు తప్పుతాయి, రిజర్వు విపరీతంగా పెంచుకోవాలి, ఖర్చు తడిసి మోపెడవుతుందని మా రోజుల్లో అందరం నమ్మాం. నేనూ నమ్మాను. జర్మనీలో జరిగింది చూశాక ఆ నమ్మకం సడలింది.

జర్మనీకి గ్రిడ్ సంస్థ ఒకటి కాదు, నాలుగు. ప్రతి సంస్థా తన ప్రాంతంలో హెచ్చుతగ్గులను తానే సరిచేసుకునేది. ఉత్తరాన గాలి అనుకున్నదానికన్నా ఎక్కువ వీచి మిగులు వస్తే అక్కడి సంస్థ ప్లాంట్లను తగ్గించమనేది. అదే నిమిషంలో దక్షిణాన మబ్బు కమ్మి లోటు వస్తే అక్కడి సంస్థ ప్లాంట్లను పెంచమనేది. ఇద్దరూ డబ్బు చెల్లించేవారు. గట్టుకు ఇవతల రైతు మునిగిన మడిలోంచి నీళ్లు తోడి పారబోస్తుంటే, అవతలి రైతు డీజిల్ పోసి మోటారు తిప్పి తన మడి తడుపుతున్నట్టు. గట్టుకు చిన్న గండి కొడితే ఇద్దరి పనీ తీరుతుంది. 2008 చివర్లో మూడు సంస్థలు ఆ గండి కొట్టాయి, 2010లో నాలుగోది చేరింది. కొన్ని సెకన్లకోసారి అందరి హెచ్చుతగ్గులూ ఒక కంప్యూటర్‌కు చేరతాయి. అది ఒకరి మిగులును మరొకరి లోటుతో చెల్లు వేస్తుంది. మిగిలిన దానికే రిజర్వు వాడతారు. 2011లో డెన్మార్క్ వచ్చి కలిసింది. మరుసటి ఏడాది నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, చెక్, బెల్జియం వచ్చాయి. తరువాత ఆస్ట్రియా, ఫ్రాన్స్. ఐజీసీసీ అని దాన్ని పిలుస్తారు.

2008 తరువాతి ఆరేడేళ్లలో జర్మనీలో గాలి, సౌర సామర్థ్యం దాదాపు మూడు రెట్లయింది. అదే కాలంలో వాళ్లు సిద్ధంగా ఉంచుకున్న రిజర్వు సుమారు 15 శాతం తగ్గింది. మొత్తం కారణం ఇలా చెల్లు వేయడమే అనను, మార్కెట్ నియమాలు, వాతావరణ అంచనాలు కూడా మెరుగుపడ్డాయి. కానీ ఒక్క కొత్త టవరు పాతకుండా, ఉన్న లైన్ల మీదే, నాలుగు అంకెలు పంచుకున్నందుకు దక్కిన ఫలితం ఇది. సహకారం అంటే కంటికి కనిపించదని మీరన్నారు కదా, నిజమే, దీన్ని ఫొటో తీయలేరు. ఆ నెల బిల్లులో చూడాలి.

సూర్యగ్రహణం సంగతి కూడా చెప్పాలి. 2015 మార్చి 20 శుక్రవారం ఉదయం యూరప్ మీద గ్రహణం పట్టింది. ఆకాశం నిర్మలంగా ఉంటే 30,000 మెగావాట్లకు పైగా సౌర విద్యుత్తు గంటలో పడిపోయి, గంటలో అంతకన్నా వేగంగా తిరిగి లేవవచ్చని ఎంట్సో-ఇ నెలల ముందే లెక్క వేసింది. దిగేటప్పటి కన్నా లేచేటప్పుడే భయం ఎక్కువ, ఎందుకంటే గ్రహణం విడిచేసరికి సూర్యుడు ఇంకా పైకి వచ్చి ఉంటాడు. జర్మన్ సంస్థలు మామూలు కన్నా ఎక్కువ రిజర్వు కొన్నాయి. ఇటలీ కొంత సౌర విద్యుత్తును ముందుగానే ఆపి ఉంచింది. అన్ని దేశాల డెస్కుల మధ్యా టెలిఫోను సమావేశం తెరిచే ఉంచారు. ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయింది. 2019 డిసెంబరు 26న మన దక్షిణాదిలో కంకణ గ్రహణం వచ్చినప్పుడు మన జాతీయ లోడ్ డిస్పాచ్ వాళ్లు కూడా ప్రాంతాలవారీగా ముందే అంచనాలు వేసి, జల విద్యుత్తును సిద్ధం చేసుకుని దాటించారు. ఒకరి అనుభవం నివేదికగా బయటకు వస్తే మరొకరికి అలా ఉపయోగపడుతుంది.

నార్వే, డెన్మార్క్‌ల జోడీ గురించి మీరు చదివే ఉంటారు. ఆ రెండింటినీ కలిపే స్కాగెరాక్ కేబుళ్లు 1970ల నుంచే ఉన్నాయి, తరువాత నాలుగయ్యాయి, మొత్తం దాదాపు 1,700 మెగావాట్లు. నెదర్లాండ్స్‌కు 2008లో నార్‌నెడ్, జర్మనీకి నార్డ్‌లింక్, బ్రిటన్‌కు 2021లో 720 కిలోమీటర్ల నార్త్ సీ లింక్ వచ్చాయి. చాలామంది పొరబడేది ఒకటుంది. డెన్మార్క్ గాలి కరెంటుతో నార్వేలో నీళ్లు పైకి తోడతారనుకుంటారు. తోడనక్కరలేదు. గాలి వీచే రాత్రి నార్వే తన ఇళ్లకు డెన్మార్క్ కరెంటు వాడుకుని, తన జలాశయం గేటు మూసి ఉంచుతుంది. మిగిలిన ఆ నీళ్లే నిల్వ. గాలి పడిపోయిన సాయంత్రం గేటు తెరుస్తుంది. దీన్ని మించిన చవకైన బ్యాటరీ లేదు. అయినా ఆ సహకారం మీద నీడ పడింది. 2021 తరువాత దక్షిణ నార్వేలో కరెంటు ధరలు బాగా పెరిగాయి, మా నీళ్లు మా కొండలు ఉండగా మాకెందుకు ఈ ధర అని జనం నిలదీశారు. ఆ కోపం అన్యాయమని నేననను. లాభం గ్రిడ్ మొత్తానికి వచ్చి, నొప్పి ఒక ఊరికి వస్తే ఆ ఊరు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఇంజనీర్లం ఈ లెక్కను మా కాగితాల్లో వేయం. వేయాలి.

నమ్మకం తప్పితే ఏమవుతుందో కూడా యూరప్‌లోనే చూడవచ్చు. 2018 జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా సెర్బియా, కొసొవోల రాజకీయ తగాదా వల్ల అక్కడి లోటును ఎవరూ పూడ్చలేదు. మొత్తం 113 గిగావాట్ అవర్ల కరెంటు లోటు. ఖండం మొత్తంతో పోలిస్తే నలుసంత. కానీ సగటు ఫ్రీక్వెన్సీ 50కి బదులు 49.996 అయింది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టి నడిచే గడియారాలు, అంటే మంచం పక్కన పెట్టుకునే అలారాలు, పొయ్యి మీది గడియారాలు పాతిక దేశాల్లో దాదాపు ఆరు నిమిషాలు వెనకబడ్డాయి. ఎక్కడో బాల్కన్ కొండల్లోని తగాదాకు ఎవరి వంటింట్లోనో పాలు పొంగిపోయాయేమో.

ఇది రాస్తుంటే నాకు మన పాత రోజులు గుర్తొచ్చాయి. 1990ల్లో దక్షిణ గ్రిడ్‌లో మా గోడ మీది మీటరు 48 పై చిల్లర చూపిస్తే అది మామూలు రోజు. మోటార్ల కాలం వచ్చిందంటే ప్రతి రాష్ట్రమూ తన వాటా కన్నా ఎక్కువ లాగేది. పక్క డెస్కుకు హాట్‌లైన్‌లో ఫోను చేసి, “అన్నా, నూట యాభై ఎక్కువ లాగుతున్నారు, తగ్గించండి” అంటే, “మీరు ముందు తగ్గించండి, మేము తగ్గిస్తాం” అనేవారు. మేమూ అదే మాట అనేవాళ్లం. ఒక రాత్రి అలా ఇద్దరం వాదించుకుంటుండగానే నా ఎదురుగా ఉన్న ఫీడరు దానంతట అదే తెగింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది, అవతలి నుంచి కూడా మాట ఆగిపోయింది. 2003 జనవరి 1 నుంచి దక్షిణాదిలో ఏబీటీ పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ పడినప్పుడు ఎక్కువ లాగితే ఎక్కువ ధర. ఆ తరువాత ఫోనులో వాదనలు తగ్గిపోయాయి. మనుషులు మారలేదు, అందరూ ఒప్పుకున్న ఒక అంకె మధ్యలో వచ్చింది, అంతే. ఇప్పుడు మన గ్రిడ్ 49.90, 50.05 మధ్య నడవాలని నియమం ఉందంటే, ఆ రోజులు చూసినవాడిగా ఒళ్లు పులకరిస్తుంది.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తరువాత తూర్పు, ఈశాన్యం కూడా చీకట్లో మునిగినప్పుడు మన తెలుగు ఇళ్లలో కరెంటు ఉంది. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో హెచ్‌వీడీసీ ద్వారానే, అంటే గాజువాక, భద్రావతి, తాల్చేరు–కోలారు లాంటి చోట్ల డీసీ మెట్ల మీదుగానే (ఏసీని డీసీగా మార్చి, అవతల తిరిగి ఏసీ చేసే ఏర్పాటు) కలిసి ఉంది. డీసీ మెట్టు ఉంటే అవతలి కుదుపు ఇవతలికి రాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం మిగతా గ్రిడ్‌తో ఏసీలో కలిసింది. లైను కలిపే ముందు నెలల తరబడి మేము చర్చించింది రిలే సెట్టింగుల గురించే. ఏ లైను పోతే ఎక్కడ ఎంత లోడు కోయాలి, ఎవరు ముందు తగ్గాలి అన్నవే. ఇప్పుడు రాయగఢ్–పుగలూరు 6,000 మెగావాట్ల డీసీ లైను మీద గాలి సీజనులో దక్షిణాది కరెంటు ఉత్తరానికి వెళ్తోంది. ఆ లైను మొదట బొగ్గు కరెంటును దక్షిణానికి తేవడానికి వేసింది.

సరిహద్దు దాటి చూస్తే మన ఉపఖండంలో పని మొదలైంది కానీ చాలా మిగిలి ఉంది. భూటాన్, నేపాల్ మనతో ఏసీలో కలిసి ఒకే ఫ్రీక్వెన్సీ మీద తిరుగుతాయి. బంగ్లాదేశ్‌తో 2013 నుంచి బహరాంపూర్–భేరామారా దగ్గర డీసీ మెట్టు ఉంది. నేపాల్‌లో ఎక్కువ భాగం నది పారినంత తయారయ్యే కరెంటు. వానాకాలంలో మిగులు, చలికాలంలో కొరత. 2021 నుంచి అది మన విద్యుత్ ఎక్స్‌ఛేంజీలో మిగులు అమ్ముకుంటోంది. 2024 నవంబరు 15న నేపాల్ కరెంటు మన గ్రిడ్ మీదుగా మొదటిసారి బంగ్లాదేశ్‌కు వెళ్లింది. 40 మెగావాట్లు, ఒక్క రోజు. మరుసటి ఏడాది జూన్ 15 నుంచి సీజను పొడవునా మొదలైంది. 40 మెగావాట్లు అంటే ఒక జిల్లా పట్టణానికి కూడా చాలదని నవ్వకండి. మూడు దేశాలు ఒక మీటరు రీడింగును ముజఫర్‌పూర్‌లో ఒప్పుకున్నాయి, దారి ఖర్చు ఒప్పుకున్నాయి, నష్టం లెక్క ఒప్పుకున్నాయి. రేపు 400 అయినా 4,000 అయినా ఆ కాగితమే ఆధారం. అలాగని రాజకీయం లేదనను. చైనా పెట్టుబడి ఉన్న నేపాల్ ప్లాంట్ల కరెంటును మన దేశం కొనదు. అది ప్రభుత్వాల నిర్ణయం, డెస్కులో కూర్చున్నవాడు దానికి లోబడి షెడ్యూలు వేసుకోవాల్సిందే.

శ్రీలంక ఒంటరి ద్వీపం. 2025 ఫిబ్రవరి 9, ఆదివారం పొద్దున. సెలవు కాబట్టి వాడకం తక్కువ, ఎండ బాగా ఉంది కాబట్టి కప్పుల మీది సౌర విద్యుత్తు ఎక్కువ. అందుకని తిరిగే పెద్ద యంత్రాలు కొన్నే నడుస్తున్నాయి. పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి ట్రాన్స్‌ఫార్మర్‌ను తాకింది. దేశమంతా చీకటి. కోతి మీద పత్రికలు చాలా రాశాయి. నన్ను కలవరపెట్టింది మాత్రం ఆ క్షణాన గ్రిడ్‌లో జడత్వం ఎంత తక్కువగా ఉందన్నది. తిరిగే బరువైన రోటర్లు ఉంటే కుదుపును కొన్ని సెకన్లు మోస్తాయి, ఆలోపు రిజర్వు అందుకుంటుంది. అవి లేకపోతే ఆ సెకన్లు దొరకవు. పక్కన ఆసరాగా పట్టుకోవడానికి పొరుగు గ్రిడ్ కూడా లేదు. భారత్–శ్రీలంక కేబులు ఏళ్లుగా మాటల్లోనే ఉంది. నా ఉద్దేశంలో ఆ కేబులుకు అసలు విలువ అమ్మకాల్లో కన్నా ఇలాంటి ఉదయాల్లో ఉంటుంది.

స్పెయిన్ ఉదాహరణ ఇందుకే చెబుతాను. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12.33కి స్పెయిన్, పోర్చుగల్ చీకటైపోయాయి. వోల్టేజీ అదుపు తప్పి పెరగడం, ఒకదాని వెంట ఒకటి ప్లాంట్లు విడిపోవడం దానికి మూలం. పొరుగుతో లైన్లు ఉన్నా ఆ పతనం ఆగలేదు, ఇది దాచకుండా చెప్పాలి. వోల్టేజీ స్థానిక వ్యవహారం, దాన్ని దూరం నుంచి ఎవరూ నిలబెట్టలేరు. కానీ తిరిగి లేవడానికి మొదటి చేయి అందించింది ఉత్తరం నుంచి ఫ్రాన్స్, దక్షిణం నుంచి మొరాకో. అర్ధరాత్రి దాటాక కొద్దిసేపటికి పోర్చుగల్, తెల్లవారుజాముకు స్పెయిన్ గ్రిడ్ నిలబడ్డాయి. తరువాత అనేక దేశాల నిపుణులు కలిసి సెకను సెకనుకూ ఏం జరిగిందో బహిరంగంగా నివేదిక రాశారు. నా దృష్టిలో సహకారంలో అత్యంత ధైర్యమైన భాగం అదే. తన గ్రిడ్ పడిపోయిన తీరును పక్కవాడి ముందు పరచడం అంత తేలిక కాదు.

సదస్సుల్లో పని జరగదా అంటే, కొన్నింటిలో జరుగుతుంది. ఐర్లండ్ ద్వీపంలో రెండు ప్రభుత్వాల కింద ఒకే కరెంటు మార్కెట్ నడుస్తోంది. అక్కడ ఏ క్షణంలోనైనా గాలి, సౌర, బయటి డీసీ కరెంటు కలిపి 50 శాతం దాటకూడదన్న హద్దును పదేళ్లకు పైగా పరీక్షలు చేస్తూ మెట్టుమెట్టుగా 2022 నాటికి 75కి తీసుకెళ్లారు. ఐర్లండ్, డెన్మార్క్, బ్రిటన్, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా, టెక్సాస్ గ్రిడ్ నిర్వాహకులు కలిసి జీ-పీఎస్‌టీ అనే కూటమి పెట్టుకుని ఇలాంటి అనుభవాన్ని మిగతావారికి అందిస్తున్నారు. మన దేశానికి వస్తే, గాలి, ఎండల అంచనా కోసం రాష్ట్ర, ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో వెలసిన ఆర్‌ఈఎంసీల వెనుక జర్మనీ సాంకేతిక సహకారం ఉంది. 2017లో అమెరికా పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్, మన జాతీయ గ్రిడ్ నిర్వహణ సంస్థ పోసోకో (ఇప్పటి గ్రిడ్ ఇండియా) కలిసి 175 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు మీద చేసిన అధ్యయనం ఒక మాట గట్టిగా చెప్పింది. బొగ్గు ప్లాంట్లు కనీస ఉత్పత్తిని ఎంత కిందికి దించగలవన్నదే సౌర విద్యుత్తు వృథా కాకుండా కాపాడే పెద్ద మీట అని. మన ప్లాంట్లలో ఉత్పత్తిని సామర్థ్యంలో 55 శాతానికి దించడానికి ఇంజనీర్లు ఎంత శ్రమపడ్డారో దగ్గరగా చూశాను, బాయిలర్‌లో మంట నిలకడగా ఉండాలంటే రాత్రంతా కాపలా కాయాల్సి వచ్చేది.

2021లో గ్లాస్గోలో ప్రకటించిన ‘ఒకే సూర్యుడు, ఒకే ప్రపంచం, ఒకే గ్రిడ్’ గురించి మీరు విడిగా అడిగారు. ఆలోచన మంచిది. మనకు పొద్దుగూకేసరికి పడమటి దేశాల్లో ఇంకా ఎండ ఉంటుందన్న లెక్క నిజమే. కానీ ఖండాల మధ్య కేబుళ్ల కన్నా ముందు మన పొరుగు నాలుగు దేశాలతో రియల్‌టైమ్ డేటా, ఉమ్మడి అంచనాలు, ఐజీసీసీ లాంటి చెల్లు వేసే పద్ధతి సాధించాలి. అందుకు వేల కోట్లు అక్కరలేదు. కలిసి కూర్చునే ఇంజనీర్లు, వాళ్లను కూర్చోనిచ్చే ప్రభుత్వాలు చాలు.

చివరిగా మీ ప్రాజెక్టు విషయం. కొత్త కేబులు ఎక్కడ వేయాలన్న అంశం తీసుకోకండి, అవి వందలున్నాయి. మన ఉత్తర సరిహద్దులో ఒక వానాకాలపు వారం తీసుకోండి. నేపాల్ నదుల ఉత్పత్తి, బీహార్ లోడు, రాజస్థాన్ సౌర విద్యుత్తు, మన అనంతపురం, కర్నూలు గాలి ఈ నాలుగింటినీ పదిహేను నిమిషాల బ్లాకుల్లో ఒకే గ్రాఫు మీద గీయండి. ఎవరి అంచనా తప్పు ఎవరి అంచనా తప్పుతో చెల్లవుతుందో గంటగంటకూ లెక్క కట్టండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య భాగాన్ని మాత్రం విడిగా చూడండి. అక్కడ మీకు ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, నేను చూస్తాను.